ఇక్కడ పెట్టద్దు

అభిషేక్ ఆ షాపు మెట్లెక్కిన మొదటి రోజే ఒక తప్పు చేశాడు. బోర్డు చదవలేదు. చదివి ఉంటే, లోపల స్టూలు మీద కూర్చుని పాత కంప్యూటర్ పొట్ట విప్పుతున్న అమ్మాయిని పట్టుకుని, "అసెంబ్లింగ్ చేసే అన్న లేడా?" అని అడిగేవాడు కాదు.

దసరా వెళ్లిన వారానికి పడుతున్న వాన అది. ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ వచ్చాడు కాబట్టి ఎడమ భుజం మొత్తం తడిసింది, కుడి భుజం పొడిగా ఉంది. ఆ అమ్మాయి ముందు రెండు భుజాలనూ చూసింది. ఆ తర్వాతే మొహం చూసింది.

"చెప్పన్నా, ఏం కావాలె?"

"గేమింగ్ పీసీ. ఆ అన్న వచ్చినంక మాట్లాడుత తియ్యి."

"ఆ అన్న రాడు. వానొచ్చినా ఎండొచ్చినా ఈడ నేనే ఉంట."

అప్పుడు బయటికి తొంగిచూసి బోర్డు చదివాడు. మహేశ్వరి కంప్యూటర్స్. చెన్నబసప్ప ఇరవై ఏళ్ల కింద జిరాక్స్ మిషన్‌తో ఆ షాపు పెట్టినప్పుడు, నాలుగేళ్ల కూతురి పేరు బోర్డు మీద రాయించాడు. ఆ కూతురు పెరిగి, డిగ్రీ చదివి, ఇప్పుడు ఆ బోర్డు కిందే కూర్చుని స్క్రూలు విప్పుతోంది. ఇదంతా అభిషేక్‌కు ఎట్లా తెలుస్తుంది పాపం. గొంతు సవరించుకుని ఫోన్ తీసి లిస్టు చూపించాడు.

హైదరాబాద్ కుర్రాడెవరో వీడియోలో చెప్పిన లిస్టు. పేద్ద గ్రాఫిక్స్ కార్డు, నాలుగు వైపులా అద్దాలున్న క్యాబినెట్, రంగురంగుల లైట్లు తిరిగే ఆరు ఫ్యాన్లు. మహేశ్వరి దాన్ని పాత బిల్లు వెనకాల పెన్సిల్‌తో ఎక్కించుకుంది. ఎక్కించుకున్నదంతా ఒక్కొక్కటే కొట్టేసింది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. కంప్యూటర్ ఇంట్లో ఏ గదిలో పెడతారు, ఆ గదికి ఎండ పడుతుందా, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని బోరు మోటర్లు నడుస్తాయి, పొద్దున అందరూ మోటర్లు వేసినప్పుడు ఇంట్లో ట్యూబ్‌లైటు డిమ్ అవుతుందా, ఇంటికి ఎర్త్ ఉందా.

అభిషేక్‌కు ఒళ్లు మండింది. "నేను కంప్యూటర్ కొననీకి వచ్చిన మేడం. బోరు మోటర్ కొననీకి కాదు."

"రెండూ కరెంట్ తోనే నడుస్తయి గదన్నా."

బడ్జెట్ ఎంత అని అడిగింది. యాభై అయిదు వేలు, అదీ ఒక్కసారి కాదు, ఉగాది దాకా నెలకింత అని చెప్పాడు. ఆమె పెన్సిల్ కింద పెట్టింది. వస్తువులు అలా విడివిడిగా కొనడం మంచిది కాదు, డబ్బంతా జమ చేసుకుని ఉగాదికి ఒకేసారి రండి, అప్పుడైతే వారంటీ కూడా కలిసొస్తుంది అంది. నిజమే చెప్పింది. అమ్ముకునేవాళ్లు ఇలా మాట్లాడరే అని అభిషేక్‌కు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యంలోనే, ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పేశాడు.

ఫ్యాక్టరీలో చేరి మూడేళ్లయింది. మొదటి ఏడాది జీతం బోరు మింగింది. రెండో ఏడాది జీతం చెల్లెలు రేఖ కాలేజీకి, హాస్టల్‌కు పోయింది. మూడో ఏడు ఇంటికి స్లాబు పడింది. ఈ దసరా రోజు నాన్న రేవణసిద్ధప్ప అల్లం చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, ఉగాది దాకా నీ జీతం నువ్వే ఉంచుకో, నీకేం కావాలో కొనుక్కో అన్నాడు. ఇంటర్ చదివేటప్పుడు గంటకింత అని కట్టి నెట్ సెంటర్లో ఆడిన ఆటలు అభిషేక్ మనసులోంచి పోలేదు. ఆ సెంటర్ మూతపడింది. పాతికేళ్లవాడు ఆటల కోసం కంప్యూటర్ కావాలంటే ఊళ్లో నవ్వుతారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. కానీ జేబులో డబ్బు నిలవదు. చేతిలో ఉందని తెలిస్తే చాలు, ఎక్కడో ఒక మోటర్ కాలిపోతుంది.

"అందుకే ఎంత దొరికితే అంత వస్తువు చేసి పెట్టుకుంటే పోదని," అన్నాడు. "ఇది తప్పు కొంటే, నాకు ఇంకోసారి కొనే మోఖా రాదు మేడం."

మహేశ్వరి లేచింది. లోపలికి పోయి ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి, దాని మీద లావు మార్కర్‌తో 'అభిషేక్, ఝరాసంగం' అని రాసి, అందరికంటే పై షెల్ఫులో పెట్టింది. ఏ నెలకా నెల కొన్నది అందులో పడుతుంది, ఇంట్లో ఎవరికీ కనిపించదు, అంది. బయట వాన తగ్గింది. అభిషేక్ మాత్రం ఇంకాసేపు మెట్ల మీదే నిలబడ్డాడు, ఎందుకో తెలియకుండానే.

ఆ తర్వాతి ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. ఆదివారం అతనికి సెలవు. వస్తువు కొనేది నెలకొక్కసారి, వచ్చేది మాత్రం వారం వారం. ఇందులో దాపరికం ఏముంది, పిల్లవాడికి ఆ షాపు నచ్చింది.

వచ్చినప్పుడల్లా గొడవే. ముందు గ్రాఫిక్స్ కార్డు కొందామని అతను. ముందు ఎస్‌ఎమ్‌పీఎస్ అని ఆమె. అంటే కరెంటును లోపలికి పంచే డబ్బా. అది చవకది వేస్తే ఏమవుతుందో చూడమని, రాయికోడ్ నుంచి రిపేర్‌కు వచ్చిన బోర్డు తీసి ముక్కు దగ్గర పెట్టింది. కాలిన వాసన. అభిషేక్ నోరు మూసుకుని మంచి డబ్బాయే కొన్నాడు. అయినా ఆమె దాన్ని పెట్టెలోంచి కదలనివ్వలేదు. ఇంటికి ఎర్త్ గుంత తవ్వితేగానీ ఒక్క వస్తువు కూడా షాపు దాటదు అని షరతు పెట్టింది.

ఇక ఒక ఆదివారం పొద్దున తండ్రీకొడుకులిద్దరూ ఇంటి వెనక గడ్డపార పట్టారు. ఎర్ర మట్టి, రాయి, నడుములు పడిపోయాయి. గుంతలో రేకు, బొగ్గులు, ఉప్పు వేసి పూడ్చారు. ఇది ఎవరు చెప్పారని రేవణసిద్ధప్ప అడిగితే కంప్యూటర్ షాపులో చెప్పారన్నాడు. ఆ చెప్పినాయన తెలివిగల్లోడే అన్నాడు తండ్రి. ఆయన కాదు నాయనా, అమ్మాయి, అని కొడుకు సరిచేశాడు. తండ్రి గడ్డపార ఆపి కొడుకు మొహం ఒకసారి చూసి, మళ్లీ తవ్వుకున్నాడు.

ఎర్త్ ఎండిపోకూడదట. అందుకని ప్రతి శనివారం సాయంత్రం ఆమె నుంచి ఒకటే మెసేజ్ వచ్చేది. 'నీళ్లు పోసిన్రా?' అతను బకెట్ నీళ్లు పోసి, తడిసిన గుంత ఫొటో తీసి పంపేవాడు. ఆమె వేలు పైకెత్తిన బొమ్మ పెట్టేది. ప్రేమలేఖలు ఎన్ని రకాలుగా ఉంటాయో నాకు తెలియదుగానీ, తడి మట్టి ఫొటోలు పంపుకున్న జంట వీళ్లే అయి ఉంటారు.

డిసెంబర్లో ర్యామ్ ధర వారం వారం పెరుగుతుంటే, అతను షిఫ్టులో ఉండగా ఫోన్ చేసి, ఇవాళే తీస్తున్నా, డబ్బు ఆదివారం ఇవ్వండి అని తనే కొని పెట్టెలో వేసింది. ప్రాసెసర్ దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. రెండు రకాలున్నాయి. ఒకటి కొంచెం చవక, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఇంకోటి పన్నెండు వందలు ఎక్కువ, కార్డు లేకపోయినా తనంతట తాను బొమ్మ చూపిస్తుంది. ఎలాగూ కార్డు కొంటున్నాం కదా, ఆ పన్నెండు వందలు దండగ అని అతని వాదన.

"రేపు కార్డుకు ఏమన్నా అయి రిపేర్‌కు పోతే, నెల దినాలు నల్ల స్క్రీన్ ముందల కూసుంటరా? మీ చెల్లె సెలవులకొస్తే చదువుకునేది లేదా?"

రేఖ పేరు ఆమెకు గుర్తుండడం అభిషేక్‌కు నచ్చింది. పన్నెండు వందలు ఇచ్చేశాడు.

క్యాబినెట్ దగ్గర మాత్రం అతను నిజంగా అలిగాడు. అద్దాలు వద్దంది, లైట్లు వద్దంది. కందులు కొట్టే రోజుల్లో మీ ఊళ్లో లేచే దుమ్ముకు ముందువైపు జాలీ ఉండాల్సిందే, గాలి ఆడాల్సిందే అని బోడిగా ఉన్న నల్ల డబ్బా ఒకటి చూపించింది. అంత కష్టపడి కొంటున్నప్పుడు చూడ్డానికి కూడా బాగుండాలని ఉండదా మనిషికి? ఆ మాట పైకి అనలేదు, కానీ మొహం దాచుకోలేకపోయాడు. నల్ల డబ్బాయే కొని, టీ తాగకుండా వెళ్లిపోయాడు.

ఆటో సగం దూరం పోయాక ఒక విషయం తట్టింది. మహేశ్వరి తనను 'అన్నా' అని పిలవడం మానేసింది. ఎప్పుడు మానేసిందో గుర్తు రాలేదు. పోయిన ఆదివారం అనలేదు, అంతకు ముందుదీ అనలేదు. 'ఏమండీ' అనలేదు, 'సార్' అనలేదు. మూడు వారాలుగా ఏ పిలుపూ లేకుండా నేరుగా మాటల్లోకి దిగుతోంది. అలక ఎగిరిపోయింది. ఝరాసంగం వచ్చేదాకా అతను నవ్వుకుంటూనే ఉంటే, పక్క సీటు ముసలాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మహేశ్వరి కొరియర్ తీసుకోవడానికి బయటికి పోయింది. చెన్నబసప్ప కన్నడ పేపర్ మడిచి పక్కన పెట్టి, కూర్చోమన్నాడు. ఉగాది దగ్గరికొస్తోంది కదా అన్నాడు. వస్తోంది కాకా అన్నాడు అభిషేక్. అప్పుడు ఆయన మెల్లగా విషయం చెప్పాడు. బావమరిది కొడుకు ఈ జాగాలో మొబైల్ కవర్లు, రీచార్జి కౌంటర్ పెట్టుకుంటానని అడుగుతున్నాడు. మంచి కిరాయి ఇస్తాడు. కూతురి అసెంబ్లింగ్ టేబుల్‌కు ఉగాది దాకా గడువు పెట్టాడు. ఆలోపు నమ్మి వచ్చేవాళ్లు పెరిగితే టేబుల్ ఉంటుంది, లేకపోతే లేదు.

"బిడ్డ చేతిల పనుంది, నాకెరుకే. కానీ వచ్చినోడు ఆడపిల్లను చూసి, అన్న లేడా అని అడిగి వాపస్ పోతడు. నేనేం జెయ్యాలె?"

అభిషేక్ తల దించుకున్నాడు. తానూ అలా అడిగినవాడే. ఆ సాయంత్రమే ఊళ్ల కుర్రాళ్లందరూ ఉండే 'జహీరాబాద్ గేమర్స్' వాట్సాప్ గ్రూపులో, మహేశ్వరి కంప్యూటర్స్‌లో పని పక్కాగా చేస్తారు, కళ్లు మూసుకుని పోవచ్చు అని రాశాడు. ఆ గ్రూపులో నాలుగు వందల మంది ఉంటారు. రెండు వారాల్లో మొగుడంపల్లి నుంచి ఇద్దరు, టౌన్ నుంచి ఒకరు ఆమెకు ఆర్డర్ ఇచ్చారు.

మార్చి మొదటి ఆదివారం పెట్టె కిందికి దిగింది. కార్డు కూడా వచ్చేసింది. ఆమె బిగిస్తుంటే అతను స్క్రూలు అందించాడు. చివర్లో బోడి నల్ల డబ్బా వెనక భాగంలో నీలం రంగు వెలిగే ఫ్యాన్ ఒకటి బిగించింది.

"ఇది లిస్టుల లేదు," అన్నాడు.

"పాతదొకటి పడున్నది."

చెత్తబుట్టలో ఆ ఫ్యాన్ కొత్త డబ్బా అతనికి కనిపించింది. చూడనట్టే ఉన్నాడు.

డబ్బా వెనక, స్క్రీన్ వైరు పట్టే చోట్లు రెండున్నాయి. పైది ప్రాసెసర్‌ది, కిందిది గ్రాఫిక్స్ కార్డుది. వైరు కిందే పెట్టాలి. పైన పెడితే బొమ్మ వస్తుంది కానీ, అంత ఖరీదైన కార్డు ఊరికే కూర్చుంటుంది, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇది చెప్పే ఉండేదే, అంతలో ఆటో అతను హారన్ కొట్టాడు, చెన్నబసప్ప మానిటర్ మోస్తూ కేక వేశాడు, చెప్పడం సగంలో ఆగింది. అయినా ఆమె ఎప్పుడూ చేసే పనే చేసింది. పై చోటు మూసుకుపోయేలా ఎర్ర టేపు అంటించి, దాని మీద మార్కర్‌తో 'ఇక్కడ పెట్టద్దు' అని రాసింది. అది ఉన్నాక ఎవరూ పొరబడరు.

ఇంట్లో తల్లి గంగమ్మ పళ్లెం సిద్ధం చేసుకుని కూర్చుంది. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే పూజ కాకుండా ఎవరూ ముట్టకూడదు. కొడుకు స్నానానికి పోయి వచ్చేలోపు డబ్బాను నాలుగు వైపులా తడిగుడ్డతో తుడిచింది, మూడు వేళ్లతో విభూతి పెట్టింది, నిమ్మకాయ కోసింది, ఊదుబత్తి తిప్పింది. అభిషేక్ వచ్చి వైర్లన్నీ పెట్టాడు. స్క్రీన్ వెలిగింది. వెనక నీలం లైటు వెలిగింది. అతనికి గుండె నిండిపోయింది.

ఆట మొదలుపెట్టాక ఆ గుండె కాస్తా జారిపోయింది. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. నడిచే మనిషి ఒక అడుగు వేసి నిలబడిపోతున్నాడు. అన్నీ తగ్గించి చూశాడు, ఆపి మళ్లీ వేశాడు. అదే వరస. ఐదు నెలల జీతం. వీడియోలు వెతికితే, వాడేసిన కార్డులను కొత్త డబ్బాలో పెట్టి అమ్మే మోసాల గురించి ఒకడు గంటసేపు చెప్పాడు. వాడు చెప్పినవన్నీ తన కార్డుకు సరిపోతున్నట్టే అనిపించాయి. ఆమెకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడు సార్లు చేశాడు. ఎత్తలేదు. సరుకు కోసం ఆ మధ్యాహ్నమే హైదరాబాద్ పోయి, తిరుగు బస్సు రొదలో ఫోన్ మోగింది వినబడక కూర్చుంది ఆమె. ఒక్క గంట ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు వెధవ.

గ్రూపులో రాశాడు. 'మహేశ్వరి కంప్యూటర్స్‌ల కొత్తదని చెప్పి వాడిన కార్డు ఇచ్చిన్రు. ఎవ్వరూ పోకున్రి.'

తెల్లారి పది గంటలకు ఇంటి ముందు స్కూటీ ఆగింది. మహేశ్వరి. హెల్మెట్ తీసింది, భుజాన బ్యాగు, అందులో ఇంకో కార్డు. ఆమె అతనితో మాట్లాడలేదు. గంగమ్మకు నమస్కారం చేసి, కంప్యూటర్ షాపు నుంచి వచ్చానని చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగి, గదిలోకి వచ్చింది. డబ్బాను కొంచెం తిప్పి వెనకవైపు చూసింది. పైకి లేచి గోడ వైపు చూసింది. అక్కడ క్యాలెండర్ వేలాడుతోంది. దాన్ని కాసేపు అలాగే చూసి, మళ్లీ వంగి, వైరు ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టింది. అంతే. ఆట వేసి చూపించింది. మనిషి నడిచాడు, పరుగెత్తాడు, వానలో తడుస్తూ దూకాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఖరాబయిందా బిడ్డా?" అని తలుపు దగ్గర నుంచి గంగమ్మ భయంగా అడిగింది.

"ఏం కాలేదమ్మా. వైరు జర కదిలింది, గంతే."

అభిషేక్ ఆమె వెనకే గేటు దాకా పోయాడు. ఆమె హెల్మెట్ పెట్టుకుని, బండి తాళం తిప్పే ముందు ఒక్క మాట చెప్పింది.

"గ్రూపుల మీరు పెట్టింది చూసిన. ఆ ముగ్గురు పొద్దుగాల ఫోన్ చేసి వద్దన్నరు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. వైరు ఎక్కడ కదిలింది, తనే గట్టిగా నొక్కి పెట్టాడు కదా అనుకున్నాడు. ఆమె అంతసేపు ఏం చూసిందా అని గోడ వైపు చూశాడు. క్యాలెండర్ కింది మూల గాలికి లేవకుండా ఎర్ర టేపు ముక్క అంటించి ఉంది. దాని మీద అక్షరాలు పక్కకు తిరిగి ఉన్నాయి. తల వంచి చదివాడు. 'ఇక్కడ పెట్టద్దు'. అట్టపెట్టె మీద తన పేరు రాసిన చేతిరాతే.

తల్లిని అడిగాడు. పూజకు తుడుస్తుంటే డబ్బా వెనక అతుకు వేసినట్టు అంటుకుని ఉంది, కొత్త వస్తువుకు అతుకేంటని గోకి తీశానంది. టేపు మంచిగుందని పారేయబుద్ధి కాలేదంది. తప్పా అని అడిగింది. తప్పేం లేదమ్మా అన్నాడు.

ఇప్పుడంతా అర్థమైంది. ఆమె వైరు చూసింది, టేపు చూసింది, ఎవరు తీశారో, ఎందుకు తీశారో కనిపెట్టింది. ఒక్క మాట అంటే ఆమె నిర్దోషి అయిపోయేది. తల్లి ముందు అతన్ని, అతని ముందు తల్లిని చిన్నబుచ్చలేక, తప్పు వైరు మీద వేసి పోయింది. అతనేమో ఊరందరి ముందు ఆమెను దొంగను చేశాడు. అభిషేక్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎదురుగా ఆట నడుస్తూనే ఉంది. ఐదు నెలలు కలగన్న ఆట. ఆపేశాడు.

షిఫ్టుకు పోకముందే ఫోన్‌తో వీడియో తీశాడు. డబ్బా వెనక రెండు చోట్లు చూపించాడు, టేపు చూపించాడు, వైరు పైన పెట్టింది తానేనని, కార్డు కొత్తదేనని, నిజం తెలుసుకోకుండా నింద వేశానని, ఆమె పదహారు కిలోమీటర్లు బండి మీద వచ్చి రెండు నిమిషాల్లో సరిచేసి ఒక్క రూపాయి అడగకుండా పోయిందని చెప్పాడు. టేపు ఎవరు తీశారో మాత్రం చెప్పలేదు. తప్పు తనది, అంతే. గ్రూపులో పెట్టేశాడు.

నవ్వులే నవ్వులు. మధ్యాహ్నానికి 'వైరు అభి' అని పేరు పడింది. ఫ్యాక్టరీలో పక్క మిషన్ మీద పనిచేసే పవన్ టిఫిన్ డబ్బా తెరుస్తూ, వైరు కిందనే పెట్టినవా అని అడిగాడు. అభిషేక్ అన్నీ పడ్డాడు. అందులో ఒక్కటీ నొప్పి అనిపించలేదు. నొప్పంతా శనివారం సాయంత్రం వచ్చింది. మెసేజ్ రాలేదు. అయినా బకెట్ తీసుకుని పోయి గుంతలో నీళ్లు పోశాడు. ఫొటో తీశాడు, పంపలేదు.

ఆదివారం షాపుకు పోయాడు. అసెంబ్లింగ్ టేబుల్ ఉండే చోటు ఖాళీగా ఉంది. చెన్నబసప్ప ఒక్కడే కౌంటర్ దగ్గర ఉన్నాడు. ఎందుకొచ్చావని అడిగాడు.

"తప్పు నాది కాకా. నన్నేమన్నా అనున్రి, ఆమె టేబుల్ మాత్రం తియ్యకున్రి."

చెన్నబసప్ప అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముగ్గురు పోయారు, నీ వీడియో చూసి నలుగురు వచ్చారు, ఊరికొచ్చి సరిచేసే అక్క ఎవరని అడుగుతూ వచ్చారు, అన్నాడు. టేబుల్ చాలక వెనక గదిలోకి మార్చామని, బావమరిది కొడుకును వేరే జాగా చూసుకోమని చెప్పానని, చెప్పి పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపర్ తలకిందులుగా ఉంది.

వెనక గదిలో మహేశ్వరి తల ఎత్తలేదు.

"నీళ్లు పోసిన్రా?"

"పోసిన. మీరు అడగకపోయినా పోసిన." అతను గడప దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. "గ్రూపుల నాలుగొందల మందికి తప్పయిందని చెప్పిన. మీకొక్కలకే చెప్పలే. అందుకొచ్చిన."

ఆమె స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లున్నాయి.

"అందరిలెక్క మీరు గూడ అన్న లేడా అని అడిగిన్రు, సరే. కానీ అయిదు నెలలు నా మాట విన్నోళ్లు, ఒక్క గంట ఆగలే గదా. అది తల్సుకుని బస్సుల, ఇంట్ల, మస్తు ఏడ్చిన."

అభిషేక్ ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు. కాగితం మీద అంటించి దాచిన ఎర్ర టేపు ముక్కను జేబులోంచి తీసి, టేబుల్ మీద పెట్టాడు.

"దీన్ని చూసినంక ఆట ఆడబుద్ధి అయితలేదు. కంప్యూటర్ ఇంటికొచ్చింది గానీ, ఆదివారం ఎటు పోవాల్నో సమజైతలేదు. నాకు కంప్యూటర్ కంటే ఈడికి వచ్చుడే ఇష్టముండె. మీరంటే ఇష్టం. గింత ఆలస్యంగ ఎరుకైంది."

ఆమె టేపును దగ్గరికి లాక్కుంది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు బిగబట్టింది.

"ఇది ఎక్కడ అంటియ్యాల్నో తెల్సా? మీ నోటికి. ఫోన్ పట్టుకునే వేళ్లకు గూడ."

అప్పుడు చూశాడు అభిషేక్. ఆమె తల పైన, అన్నిటికంటే పై షెల్ఫులో, 'అభిషేక్, ఝరాసంగం' అని రాసిన అట్టపెట్టె. వస్తువులన్నీ ఇంటికి పోయి వారమైంది. ఖాళీ పెట్టె. ముందు గదిలోంచి ఈ గదికి సామాన్లన్నీ మారాయి, అదీ మారింది.

"ఇంకా తీసెయ్యలేదా?"

"ఆ జాగ ఇంకొకలకు ఇయ్యబుద్ధి కాలే," అంది మహేశ్వరి. స్టూలు ఎక్కి, టేపును కాగితం మీంచి మెల్లగా ఊడదీసి, ఆ పెట్టె మీద అతని పేరు పక్కన అంటించింది. జిగురు పోయింది. బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది.

ఉగాది రోజు రేవణసిద్ధప్ప, గంగమ్మ కొడుకుతో కలిసి జహీరాబాద్ వచ్చారు. పైకి చెప్పింది, మన కంప్యూటర్‌కు ఎర్త్ చెప్పిన పిల్లకు పండుగ పూట వేపపువ్వు కలిపిన బేవు బెల్లం ఇచ్చి వద్దామని. లోపలి సంగతి గంగమ్మకు తెలియక కాదు, కొడుకు చెప్పేదాకా అడగకూడదని పట్టుపట్టి కూర్చుంది. చెన్నబసప్ప కుర్చీలు వేశాడు. తండ్రులిద్దరూ అల్లం ధరలోకి, అక్కడి నుంచి హుమ్నాబాద్‌లో ఎవరు ఎవరికి చుట్టమో దానిలోకి దిగిపోయారు.

గంగమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. పళ్లెం పట్టుకుని వెనక గదిలోకి పోయి, కొత్త చోట పెట్టిన టేబుల్‌కు విభూతి పెడతానంది, అభిషేక్, మహేశ్వరి ఆమె వెనకే వచ్చారు. టేబుల్ తుడిచింది, స్టూలు తుడిచింది. తల పైకెత్తి చూస్తే షెల్ఫులో కొడుకు పేరున్న పెట్టె. ఆ పెట్టె మీద అతుకు వేసినట్టు ఎర్ర టేపు. ఆమె చెయ్యి ఊరుకుంటుందా, స్టూలెక్కి గోరు టేపు అంచు కింద పెట్టింది.

"తియ్యకమ్మా," అన్నాడు అభిషేక్.

అదే క్షణంలో అతని పక్క నుంచి మహేశ్వరి గొంతు వినిపించింది.

"తియ్యకు అత్తమ్మా."

ముందు గదిలో చుట్టరికాల లెక్క ఆగిపోయింది. మహేశ్వరి రెండు చేతులతో నోరు మూసుకుంది, కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

గంగమ్మ గోరు వెనక్కి తీసుకుంది. ఆ పిల్లను చూసింది, కొడుకును చూసింది, టేపు మీద అక్షరాలను కూడబలుక్కుని చదివింది. వినబడిందా అని ముందు గదిలోని మొగుణ్ని అడిగింది. వినబడింది అన్నాడు రేవణసిద్ధప్ప. చెన్నబసప్ప లేచి అందరికీ టీలు చెప్పడానికి బయటికి పోయాడు.

గంగమ్మ లేచిన టేపు అంచును తన బొటనవేలితో మళ్లీ నొక్కింది. ఆ తర్వాత మూడు వేళ్లు విభూతిలో అద్ది, ఆ ఖాళీ పెట్టెకు బొట్టు పెట్టింది.